క్లస్టర్‌లో సర్వర్లు రెండే, డిస్కవరీలో ఐదు! గుంటూరు నోడ్లు మాత్రం జాబితాలోనే లేవు

పటమట_పింగ్
విండోస్ సర్వర్ 2019 ఫెయిలోవర్ క్లస్టర్లు (ఒక సర్వర్ పడితే దాని పని రెండోది అందుకునే జతలు) రెండు. ఒకటి విజయవాడలో, ఒకటి గుంటూరులో. ఒక్కోదాన్లో రెండేసి నోడ్లు (అంటే సర్వర్లు), వాటి మీద ఒక ఎస్‌క్యూఎల్ డేటాబేస్ రోల్, ఒక ఫైల్ సర్వర్ రోల్ (రోల్ అంటే సొంత ఐపీతో ఒక నోడ్ నుంచి ఇంకోదానికి జరగగల పని). రెండు ఊళ్ల మధ్య లీజ్డ్ లైను, గుంటూరు వైపు ఫైర్‌వాల్. ఎన్‌ఎంఎస్ (నెట్‌వర్క్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్) విజయవాడలో ఉంది, అది నెట్‌వర్క్‌ని స్కాన్ చేసి డివైజుల జాబితా తయారుచేసుకోవడమే డిస్కవరీ. సర్వర్ల వివరాలు అడగడానికి ఎస్‌ఎన్‌ఎంపీ వీ2సీ, విండోస్ సొంత పద్ధతి డబ్ల్యూఎంఐ రెండూ వాడుతున్నాం.

విజయవాడ క్లస్టర్ ఏకంగా ఐదు డివైజులుగా వస్తోంది. గుంటూరు నోడ్లు అసలు జాబితాలోనే లేవు, వెతికితే వాటి ఐపీలు విజయవాడ నోడ్ల కింద అదనపు ఇంటర్‌ఫేసులుగా దొరికాయి. మళ్లీ స్కాన్ చేస్తే పేర్లు తారుమారవుతున్నాయి. ఇక క్లస్టర్ ట్యాబ్ మొత్తం ఖాళీ, లాగ్‌లో యాక్సెస్ డినైడ్ 0ఎక్స్80070005 అని ఉంది. వాడుతున్న అకౌంటు డొమైన్ అడ్మినే, పాస్‌వర్డ్ కూడా సరైనదే.

సపోర్టుకి టికెట్ వేస్తే డేటాబేస్ చెరిపేసి మొదటి నుంచి డిస్కవరీ చెయ్యమంటున్నారు. ఏడాది గ్రాఫులు పోతాయి. వేరే దారి ఉందా?

మంగళగిరి_ఎన్‌ఓసీ
డేటాబేస్ జోలికి పోవద్దు. చెరిపినా సెట్టింగులు అవే కాబట్టి మొదటి స్కాన్‌కే మళ్లీ ఇదే బొమ్మ వస్తుంది.

మీరు చెప్పినవి మూడు వేర్వేరు సమస్యలు, ఒకదానితో ఒకటి కలిపి చూడకండి. ముందు విజయవాడ ఐపీలు ఐదింటికీ ఎస్‌ఎన్‌ఎంపీగెట్‌తో సిస్‌నేమ్ (సర్వర్ చెప్పుకునే పేరు) అడగండి, ఓఐడీ (ఎస్‌ఎన్‌ఎంపీలో ఆ వివరం నంబరు) 1.3.6.1.2.1.1.5.0. తర్వాత రెండు ఊళ్ల నోడ్ల మీదా 1.3.6.1.2.1.4.20.1.1 వాక్ చెయ్యండి, అంటే ఆ జాబితా మొత్తం చదవండి. ఆ నోడ్ మీద ఉన్న ఐపీలన్నీ అందులో వస్తాయి. ఔట్‌పుట్ ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.

కృష్ణలంక_రూటర్
ఇంత తతంగం ఎందుకండీ? నోడ్లు తీసేసి క్లస్టర్ ఐపీ ఒక్కటి యాడ్ చేసుకుంటే సరిపోతుంది గదా. ఏ నోడ్ యాక్టివ్‌గా ఉంటే అది జవాబిస్తుంది.

బ్రాడీపేట_బైట్
@కృష్ణలంక_రూటర్ అట్టా చేస్తే పాసివ్ నోడ్‌లో (పని అందుకోవడానికి సిద్ధంగా కూర్చున్నదాన్లో) డిస్కు పోయినా, ర్యామ్ నిండినా తెలిసేది ఫెయిలోవర్ అయ్యాకే. క్లస్టర్ పెట్టుకుంది దేనికి మరి?

పటమట_పింగ్
ఇదీ ఔట్‌పుట్. పేర్లు కొంచెం మార్చా.

10.20.5.11 : బీజెడ్‌ఏ-డీబీ1
10.20.5.12 : బీజెడ్‌ఏ-డీబీ2
10.20.5.20 (క్లస్టర్ పేరు ఐపీ) : బీజెడ్‌ఏ-డీబీ1
10.20.5.21 (ఎస్‌క్యూఎల్) : ఒక్కోసారి బీజెడ్‌ఏ-డీబీ1, ఎక్కువసార్లు టైమవుట్
10.20.5.22 (ఫైల్ సర్వర్) : బీజెడ్‌ఏ-డీబీ2

బీజెడ్‌ఏ-డీబీ1 వాక్‌లో: 10.10.10.1, 10.20.5.11, 10.20.5.20, 10.20.5.21, 127.0.0.1, 169.254 తో మొదలయ్యేది ఒకటి.
జీఎన్‌టీ-డీబీ1 వాక్‌లో: 10.10.10.1, 10.30.5.11, 10.30.5.20, 10.30.5.21, 127.0.0.1, మళ్లీ 169.254 ఒకటి.

టైమవుట్ వచ్చినప్పుడు కూడా పింగ్ మాత్రం బాగానే వెళ్తోంది.

మంగళగిరి_ఎన్‌ఓసీ
రెండు సమస్యల మూలం ఇందులోనే కనపడుతోంది.

ఐదు ఐపీలు అడిగితే వచ్చిన పేర్లు రెండే. అంటే ఎన్‌ఎంఎస్ ఐపీని బట్టి డివైజు సృష్టిస్తోంది, లోపల ఉన్నది ఎవరో చూడట్లేదు. ఒకే మనిషికి ఐదు రేషన్ కార్డులు ఇచ్చినట్టు.

గుంటూరు నోడ్లు మాయమవడానికి కారణం 10.10.10.1. రెండు ఊళ్లలోనూ హార్ట్‌బీట్ నెట్‌వర్క్‌కి (నోడ్లు ఒకదాన్నొకటి నడుస్తున్నాయా అని చూసుకునే లైనుకి) ఒకే సబ్‌నెట్ (ఐపీల రేంజి) వేశారు. అది బయటికి రూట్ అవ్వదు కాబట్టి క్లస్టర్ల దృష్టిలో తప్పేం లేదు, రెండూ హాయిగా నడుస్తాయి. కానీ ఎన్‌ఎంఎస్ ఐపీ టేబుల్ చదివి "10.10.10.1 నాకు ముందే తెలుసు, ఇది బీజెడ్‌ఏ-డీబీ1" అనుకుని జీఎన్‌టీ-డీబీ1ని దాన్లో కలిపేస్తోంది. ఆఖరున ఎవరిని పోల్ చేస్తే (వివరాలు అడిగితే) వాళ్ల పేరు పైకి వస్తోంది. మీరు చూస్తున్న తారుమారు అదే.

169.254 అడ్రసు మైక్రోసాఫ్ట్ ఫెయిలోవర్ క్లస్టర్ వర్చువల్ అడాప్టర్‌ది. ప్రతి నోడ్‌లోనూ ఉంటుంది, ఎన్‌ఎంఎస్‌కి దానితో పని లేదు.

చెయ్యాల్సింది ఈ వరసలో చెయ్యండి, వరస మారితే మళ్లీ మొదటికొస్తుంది. ముందు షెడ్యూల్డ్ డిస్కవరీ ఆపండి. 10.10.10.0/24, 169.254.0.0/16 రెండింటినీ ఎక్స్‌క్లూడ్ జాబితాలో పెట్టండి. స్కాన్ రేంజిలోంచి తీస్తే చాలదు, డివైజుల్ని పోల్చే నియమంలోంచి కూడా తియ్యాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ రెండూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి. పోల్చడానికి "ఏ ఐపీ కలిసినా ఒకటే" అన్న ఆప్షన్ తీసేసి సిస్టమ్ యూయూఐడీ (ఒక్కో మెషీన్‌కి ఒక్కో గుర్తింపు నంబరు) పెట్టండి, అది లేకపోతే సిస్‌నేమ్ పెట్టండి. అప్పుడు విజయవాడ నోడ్ల కింద చేరిన 10.30.5 ఇంటర్‌ఫేసులు తీసెయ్యండి. అవి పోయాకే గుంటూరు నోడ్లని వాటి సొంత ఐపీలతో యాడ్ చెయ్యండి.

విజయవాడ నోడ్ల పాత గ్రాఫులు ఉంటాయి గానీ, రెండు ఊళ్ల డేటా కలిసిపోయిన రోజుల సీపీయూ, మెమరీ గ్రాఫులు నమ్మొద్దు. వాటిని విడదీసే దారి లేదు.

అరండల్‌పేట_అడ్మిన్
గుంటూరు హార్ట్‌బీట్‌ని 10.10.20.0/24 కి మార్చేస్తే ఎక్స్‌క్లూడ్ గొడవే ఉండదు కదా? రేపు వేరే టూల్ పెట్టినా ఇదే రగడ వస్తుంది.

మంగళగిరి_ఎన్‌ఓసీ
మార్చడం మంచిదే, కాదనను. కానీ మానిటరింగ్ టూల్ కోసం నడుస్తున్న ప్రొడక్షన్ క్లస్టర్ నెట్‌వర్క్ మీద చెయ్యి వెయ్యడం నాకు ఇష్టం ఉండదు. టూల్‌లో సరిచేసేది టూల్‌లోనే సరిచెయ్యాలి.

అరండల్‌పేట_అడ్మిన్
అంత భయపడాల్సిన పని కాదండీ. క్లయింట్ నెట్‌వర్క్ (యూజర్లు వచ్చే దారి) రోల్ అనే సెట్టింగు 3లో ఉంటే హార్ట్‌బీట్ దాని మీద కూడా నడుస్తుంది. ముందు గెట్-క్లస్టర్‌నెట్‌వర్క్‌తో రోల్ విలువ చూసుకోవాలి. 3 అంటే క్లస్టర్ ప్లస్ క్లయింట్, 1 అంటే క్లస్టర్‌కి మాత్రమే, 0 అంటే క్లస్టర్ వాడదు. 3 ఉందని చూసుకుని పాసివ్ నోడ్‌లో మార్చి, రోల్స్ అటు జరిపి, రెండో నోడ్‌లో మార్చడమే. క్లయింట్ నెట్‌వర్క్ 0లో ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, హార్ట్‌బీట్‌కి రెండో దారి లేనట్టే.

మంగళగిరి_ఎన్‌ఓసీ
ఆ చివరి వాక్యం కోసమే నేను వద్దన్నది. మార్చేవాళ్లు మెయింటెనెన్స్ విండోలో మార్చుకోండి. ఎక్స్‌క్లూడ్ మాత్రం ఈ రోజే చెయ్యొచ్చు.

లినక్స్_లక్ష్మీపురం
10.20.5.21 టైమవుట్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఒకే మెషీన్ మీద ఐపీలు ఎక్కువ ఉన్నప్పుడు యూడీపీ (ఎస్‌ఎన్‌ఎంపీ నడిచేది దీని మీదే) జవాబు వేరే ఐపీ నుంచి బయల్దేరొచ్చు. మీరు అడిగింది 10.20.5.21ని, జవాబు 10.20.5.11 నుంచి వస్తే మధ్యలో ఫైర్‌వాల్ "ఇది నేనెవర్నీ అడగలేదే" అని పడేస్తుంది. ఫైర్‌వాల్ లేకపోయినా కొన్ని పోలర్లు సోర్సు ఐపీ తేడా చూసి వదిలేస్తాయి. పింగ్‌కి ఈ ఇబ్బంది ఉండదు, అందుకే అది పచ్చగా కనపడుతుంది.

ఎన్‌ఎంఎస్ సర్వర్ మీద వైర్‌షార్క్ (వచ్చిపోయే ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టి యూడీపీ 161 ఫిల్టర్ వేసి చూడండి. అడిగిన ఐపీ, జవాబిచ్చిన ఐపీ పక్కపక్కనే కనపడతాయి.

పటమట_పింగ్
@లినక్స్_లక్ష్మీపురం చూశా. అడిగింది .21, జవాబు .11 నుంచి. అచ్చం మీరు చెప్పినట్టే.

లినక్స్_లక్ష్మీపురం
అయితే ఆ ఐపీకి ఎస్‌ఎన్‌ఎంపీ ఆపెయ్యండి. సరిచెయ్యాల్సిన అవసరమే లేదు. నోడ్ వివరాలు నోడ్ ఐపీ నుంచే వస్తున్నాయి.

కృష్ణలంక_రూటర్
అంటే క్లస్టర్ ఐపీలు పూర్తిగా తీసెయ్యమంటారా? ఎస్‌క్యూఎల్ పడిపోతే ఎట్టా తెలుస్తుంది? యూజర్లు కనెక్ట్ అయ్యేది ఆ ఐపీకే కదా.

మంగళగిరి_ఎన్‌ఓసీ
మీ మాటలో న్యాయం ఉంది. ఆ ఐపీలు ఉండాలి, కానీ సర్వర్లుగా కాదు, సర్వీసులుగా. 10.20.5.21 మీద టీసీపీ 1433 చెక్, 10.20.5.22 మీద టీసీపీ 445 చెక్ పెట్టండి. నేమ్డ్ ఇన్‌స్టెన్స్ (విడిగా పేరు పెట్టిన ఎస్‌క్యూఎల్) అయితే పోర్టు ఏదో ముందు చూసుకోండి, అన్నిటికీ 1433 ఉండదు. సీపీయూ, మెమరీ, ఇంటర్‌ఫేసు లాంటివన్నీ నోడ్ ఐపీ మీద. ఏ రోల్ ఏ నోడ్ మీద ఉందన్నది డబ్ల్యూఎంఐ నుంచి.

పాసివ్ నోడ్‌లో ఎస్‌క్యూఎల్ సర్వీసు ఆగి ఉండటం మామూలే, ఓనర్ నోడ్‌లోనే అది నడుస్తుంది. నోడ్ మీద "సర్వీస్ డౌన్" అలర్ట్ పెడితే రాత్రంతా మోగుతూనే ఉంటుంది.

బ్రాడీపేట_బైట్
డిస్కుల సంగతి కూడా చెప్పండి. ఫెయిలోవర్ అయినప్పుడల్లా ఈ డ్రైవ్ కనపడట్లేదని మెయిల్.

మంగళగిరి_ఎన్‌ఓసీ
షేర్డ్ డిస్కు రోల్‌తో పాటు అవతలి నోడ్‌కి వెళ్లిపోతుంది కాబట్టి పాత నోడ్ స్టోరేజ్ టేబుల్‌లోంచి, అంటే 1.3.6.1.2.1.25.2.3 లోంచి, ఆ వరస మాయమవుతుంది. అంతటితో ఆగదు, మిగతా డిస్కుల ఇండెక్సులు కూడా మారొచ్చు. ఇండెక్సుని పట్టుకుని గ్రాఫ్ గీసే టూలైతే ఎఫ్ డ్రైవ్ గ్రాఫ్‌లో జీ డ్రైవ్ అంకెలు వస్తాయి. షేర్డ్ డిస్కుల్ని నోడ్ల మీద ఆపేసి, డబ్ల్యూఎంఐలోని క్లస్టర్ నేమ్‌స్పేస్‌లో (క్లస్టర్ వివరాల విభాగంలో) ఎంఎస్‌క్లస్టర్_డిస్క్‌పార్టిషన్ క్లాసు నుంచి తీసుకోండి. టోటల్‌సైజ్, ఫ్రీస్పేస్ రెండూ అక్కడుంటాయి.

పటమట_పింగ్
అదే కదా అసలు తలనొప్పి. ఆ నేమ్‌స్పేస్ దగ్గరే యాక్సెస్ డినైడ్. అదే అకౌంటుతో సీపీయూ, సర్వీసుల లిస్టు బాగానే వస్తున్నాయి.

అరండల్‌పేట_అడ్మిన్
"సీపీయూ వస్తోంది, క్లస్టర్ రావట్లేదు" అంటే 100కి 90 వంతులు ఆథెంటికేషన్ లెవెల్ (కనెక్షన్‌కి ఎంత రక్షణ అన్నది). రూట్\ఎంఎస్‌క్లస్టర్ నేమ్‌స్పేస్ ప్యాకెట్ ప్రైవసీ లేకుండా లోపలికి రానివ్వదు. అంటే ట్రాఫిక్ ఎన్‌క్రిప్ట్ అయ్యుండాలి. డొమైన్ అడ్మిన్ అయినా సరే, ఎర్రర్ యాక్సెస్ డినైడ్ అనే వస్తుంది. అది చూసి అందరూ పర్మిషన్ల వెనక పరిగెడతారు.

ఎన్‌ఎంఎస్ సర్వర్ మీద డబ్ల్యూబీఈఎంటెస్ట్ (విండోస్‌లోనే ఉండే డబ్ల్యూఎంఐ పరీక్ష టూల్) తెరవండి. కనెక్ట్ నొక్కి \\బీజెడ్‌ఏ-డీబీ1\రూట్\ఎంఎస్‌క్లస్టర్ అని ఇవ్వండి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ వెయ్యండి. కింద ఆథెంటికేషన్ లెవెల్ దగ్గర మూడు బటన్లుంటాయి. మొదట "ప్యాకెట్" పెట్టి చూడండి, డినైడ్ రావాలి. తర్వాత "ప్యాకెట్ ప్రైవసీ" పెట్టి చూడండి. కనెక్ట్ అయితే ఎంఎస్‌క్లస్టర్_నోడ్ క్లాసు మీద క్వెరీ వేసి రెండు నోడ్లూ వస్తున్నాయో లేదో చూసుకోండి. పవర్‌షెల్ అలవాటైతే గెట్-డబ్ల్యూఎంఐఆబ్జెక్ట్‌కి -ఆథెంటికేషన్ ప్యాకెట్‌ప్రైవసీ జతచేస్తే అదే పని.

లినక్స్_లక్ష్మీపురం
దీనికి తోడు డీకామ్ (డబ్ల్యూఎంఐ నడిచే దారి) హార్డెనింగ్ కూడా ఉంది. 2023 మార్చి అప్‌డేట్ తర్వాత ప్యాకెట్ ఇంటెగ్రిటీకి (డేటా మధ్యలో మారలేదని చూసే లెవెల్‌కి) తక్కువ లెవెల్‌తో వచ్చే రిక్వెస్టుల్ని సర్వర్ తిప్పికొడుతుంది, ఆపేసే రిజిస్ట్రీ కిటుకు కూడా పనిచెయ్యదు. లినక్స్ పోలర్‌లో పాత డబ్ల్యూఎంఐ క్లయింటు ఉన్నవాళ్లకి అన్నీ ఒకేసారి పోయింది అప్పుడే. సర్వర్ సిస్టమ్ లాగ్‌లో ఈవెంట్ 10036 ఉంటే ఇదే.

అరండల్‌పేట_అడ్మిన్
మంచి మాట. పటమట గారికి సీపీయూ వస్తోంది కాబట్టి ఇంటెగ్రిటీ దాకా సరిపోయింది. ప్రైవసీ దానికి ఇంకో మెట్టు పైన.

బ్రాడీపేట_బైట్
ఇదంతా సరే గానీ, మానిటరింగ్‌కి డొమైన్ అడ్మిన్ ఎందుకండీ అసలు? ఆ పాస్‌వర్డ్ ఎన్‌ఎంఎస్ డేటాబేస్‌లో కూర్చుని ఉంది. ఎన్‌ఎంఎస్‌లోకి ఎవడైనా దూరితే డొమైన్ మొత్తం వాడి చేతికిచ్చినట్టే. దయచేసి ముందు దాన్ని మార్చండి.

అరండల్‌పేట_అడ్మిన్
నూటికి నూరుపాళ్లు. మామూలు డొమైన్ యూజర్ ఒకటి చెయ్యండి. ప్రతి నోడ్‌లో డిస్ట్రిబ్యూటెడ్ కామ్ యూజర్స్, పెర్ఫార్మెన్స్ మానిటర్ యూజర్స్ గ్రూపుల్లో చేర్చండి. డబ్ల్యూఎంఐ కంట్రోల్‌లో రూట్\సిమ్‌వీ2, రూట్\ఎంఎస్‌క్లస్టర్ రెండింటికీ ఎనేబుల్ అకౌంట్, రిమోట్ ఎనేబుల్ ఇవ్వండి. తర్వాత క్లస్టర్‌కి గ్రాంట్-క్లస్టర్‌యాక్సెస్ -యూజర్ డొమైన్\యూజర్ -రీడ్‌ఓన్లీ. ఈ ఆఖరి కమాండు క్లస్టర్‌కి ఒకసారి చాలు, మిగతావి మాత్రం రెండు నోడ్లలోనూ చెయ్యాలి. ఒక్క నోడ్‌లో చేసి వదిలేస్తే ఫెయిలోవర్ అయిన రోజున క్లస్టర్ ట్యాబ్ మళ్లీ ఖాళీ. సర్వీసుల లిస్టుకి మాత్రం మామూలు యూజర్‌కి సర్వీస్ కంట్రోల్ మేనేజర్ దగ్గర విడిగా పర్మిషన్ కావాల్సి రావొచ్చు, అది చూసుకోండి.

పటమట_పింగ్
ప్యాకెట్ ప్రైవసీ పెట్టగానే డబ్ల్యూబీఈఎంటెస్ట్‌లో కనెక్ట్ అయింది! ఎన్‌ఎంఎస్‌లో కూడా క్రెడెన్షియల్ పేజీలో అడ్వాన్స్‌డ్ కింద ఆ ఆప్షన్ ఉంది, మార్చా. విజయవాడ క్లస్టర్ ట్యాబ్ నిండింది, రోల్స్, ఓనర్ నోడ్ అన్నీ వచ్చాయి. కొత్త అకౌంటు కూడా చేస్తున్నా.

ఎక్స్‌క్లూడ్ చేసి, వరస ప్రకారం తీసేసి, గుంటూరు నోడ్లు యాడ్ చేశా. ఇప్పుడు వేరుగా నిలబడ్డాయి. కానీ గుంటూరు డబ్ల్యూఎంఐకి ఇంకో ఎర్రర్: 0ఎక్స్800706బీఏ, ఆర్‌పీసీ సర్వర్ అన్‌అవైలబుల్.

మంగళగిరి_ఎన్‌ఓసీ
అది పర్మిషన్ కాదు, దారి మూసుకుంది. గుంటూరు ఫైర్‌వాల్‌లో పోర్టు 135 ఒక్కటే తెరిచి ఉంటారు. 135లో మాట కలిపాక అసలు సంభాషణ 49152 నుంచి 65535 లోపు ఏదో ఒక పోర్టుకి మారుతుంది.

పటమట_పింగ్
అవును, 135 ఒక్కటే తెరిచారు. మొత్తం రేంజి తెరవమంటే సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరు.

మంగళగిరి_ఎన్‌ఓసీ
ఒప్పుకోకపోవడమే సబబు. డబ్ల్యూఎంఐని ఒకే పోర్టులో కూర్చోబెట్టండి. నోడ్ మీద అడ్మిన్ ప్రాంప్ట్‌లో విన్‌ఎంజీఎంటీ /స్టాండలోన్‌హోస్ట్ కొట్టి, విన్‌ఎంజీఎంటీ సర్వీసు ఆపి మళ్లీ మొదలుపెట్టండి. అప్పటి నుంచి టీసీపీ 24158 వాడుతుంది. విండోస్ ఫైర్‌వాల్‌లోనూ ఆ పోర్టుకి ఇన్‌బౌండ్ రూల్ వెయ్యాలి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. బయటి ఫైర్‌వాల్‌లో ఎన్‌ఎంఎస్ ఐపీ నుంచి 135, 24158 రెండే తెరవండి. సర్వీసు ఆపేటప్పుడు దాని మీద ఆధారపడినవి కూడా ఆగుతాయి, ఏవేవో చూపిస్తుంది, అవి మళ్లీ మొదలయ్యాయో లేదో చూసుకోండి. పాసివ్ నోడ్‌తో మొదలుపెట్టండి. వద్దనుకుంటే /షేర్డ్‌హోస్ట్‌తో వెనక్కి వస్తుంది.

కృష్ణలంక_రూటర్
ఎన్‌ఎంఎస్‌కి విన్‌ఆర్‌ఎం (డీకామ్ లేకుండా అవే వివరాలు తెచ్చే దారి) సపోర్టు ఉంటే పోర్టు 5985 లేదా 5986 ఒక్కటి చాలు గదా, ఈ డీకామ్ బాధ ఎందుకు?

మంగళగిరి_ఎన్‌ఓసీ
ఉంటే అదే మేలు. దాన్ని మించింది లేదు.

వారధి_వీఎం
మాది వీఎంవేర్. నోడ్లు వర్చువల్ మెషీన్లు. ఎక్స్‌క్లూడ్ అంతా చేసినా క్లస్టర్ ఐపీలు మళ్లీ వచ్చేస్తున్నాయి. ఎక్కడి నుంచి?

బ్రాడీపేట_బైట్
వీసెంటర్ (వీఎంవేర్ మెషీన్లన్నిటినీ చూసుకునే సర్వర్) నుంచి. వీఎంవేర్ టూల్స్ గెస్ట్ లోపలి ఐపీలన్నీ పైకి చెప్తుంది, 169.254 తో సహా. ఎన్‌ఎంఎస్ వీసెంటర్ ఇంటిగ్రేషన్‌కి వేరే ఎక్స్‌క్లూడ్ జాబితా ఉందేమో చూడండి. అక్కడ యూయూఐడీతో పోల్చమంటే ఇంకా మంచిది.

రేపల్లె_ర్యాక్
ఒరాకిల్ ఆర్‌ఏసీ (ఒరాకిల్ డేటాబేస్ క్లస్టర్) ఉన్నవాళ్లకి కూడా ఇదే కథ. రెండు నోడ్లకే పబ్లిక్ ఐపీలు రెండు, వీఐపీలు (నోడ్ మారగల వర్చువల్ ఐపీలు) రెండు, స్కాన్ పేరుకి (డిస్కవరీ స్కాన్ కాదు, క్లయింట్లు కనెక్ట్ అయ్యే ఉమ్మడి పేరు) సాధారణంగా మూడు. మొత్తం ఏడు. 11.2.0.2 నుంచి ప్రైవేట్ ఇంటర్‌కనెక్ట్‌లో (నోడ్ల మధ్య లైనులో) ఒరాకిల్ పెట్టుకునే హెచ్‌ఏఐపీ అడ్రసు కూడా 169.254 లోనే ఉంటుంది. కాబట్టి ఆ రేంజి ఎక్స్‌క్లూడ్ విండోస్ వాళ్లకే కాదు, అందరికీ. స్కాన్ ఐపీల మీద 1521 చెక్ ఒక్కటి పెట్టుకుంటే చాలు.

గన్నవరం_గేట్‌వే
మాకు దీనికి రివర్స్. వెబ్ సర్వర్లు రెండుంటే డిస్కవరీలో ఒకటే వస్తోంది. నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సింగ్ (సర్వర్ల మధ్య పని పంచేది) వాడుతున్నాం, యూనికాస్ట్ మోడ్.

లినక్స్_లక్ష్మీపురం
మీ టూల్ మ్యాక్ అడ్రసుతో (నెట్‌వర్క్ కార్డు నంబరుతో) పోలుస్తోంది. యూనికాస్ట్ మోడ్‌లో క్లస్టర్‌లోని అన్ని సర్వర్లకీ ఒకే మ్యాక్ పెడతారు: 02-బీఎఫ్, దాని వెనక క్లస్టర్ ఐపీ నాలుగు భాగాలు హెక్స్‌లో. 10.20.6.30 అయితే 02-బీఎఫ్-0ఏ-14-06-1ఇ. రెండు సర్వర్లలో ఇఫ్‌ఫిజ్‌అడ్రస్ (ఎస్‌ఎన్‌ఎంపీలో మ్యాక్ కనపడే చోటు) చూడండి, అదే కనపడుతుంది. మ్యాక్ పోలికలోంచి 02-బీఎఫ్ తో మొదలయ్యేవి తీసెయ్యండి. అదే పనిగా 00-00-5ఇ-00-01 కూడా తియ్యండి, అది వీఆర్‌ఆర్‌పీది (రూటర్లు ఒకే ఐపీని పంచుకునే పద్ధతి), రూటర్ల జతల్ని కలిపేస్తుంది.

గన్నవరం_గేట్‌వే
అచ్చంగా అదే మ్యాక్. తీశా, రెండూ విడివిడిగా వచ్చాయి.

ఆటోనగర్_ఏజెంట్
లినక్స్ పేస్‌మేకర్ క్లస్టర్, ఎస్‌ఎన్‌ఎంపీ వీ3. వీఐపీని పోల్ చేస్తున్నాం. ఫెయిలోవర్ అయిన వెంటనే ఆథెంటికేషన్ ఎర్రర్లు, ఎన్‌ఎంఎస్ రీస్టార్ట్ చేస్తే పోతాయి. రెండు నోడ్లలో యూజర్, పాస్‌వర్డ్ ఒకటే.

లినక్స్_లక్ష్మీపురం
వీ3లో కీ తయారయ్యేది పాస్‌వర్డ్ ఒక్కదానితోనే కాదు, ఇంజిన్ ఐడీ (ఆ నోడ్ ఎస్‌ఎన్‌ఎంపీ గుర్తింపు) కూడా కలుస్తుంది. ఎన్‌ఎంఎస్ ఆ వీఐపీకి మొదటి నోడ్ ఇంజిన్ ఐడీ, బూట్స్ (ఎన్నిసార్లు మొదలైంది), టైమ్ (మొదలై ఎంతసేపైంది) గుర్తుపెట్టుకుంది. ఫెయిలోవర్ తర్వాత అదే ఐపీ వెనక వేరే ఇంజిన్ ఉంది, పాత ఐడీతో వెళ్తే ఒప్పుకోదు. రీస్టార్ట్‌తో క్యాషే పోతుంది కాబట్టి పనిచేస్తుంది. "ఇంజిన్ ఐడీ రెండు నోడ్లకీ ఒకటే పెట్టేస్తే పోలా" అనిపిస్తుంది, అది ఇంకా ప్రమాదం: బూట్స్, టైమ్ వేరువేరుగా ఉంటాయి, 150 సెకన్ల కిటికీ దాటితే నాట్ ఇన్ టైమ్ విండో అని తిప్పికొడుతుంది. పైగా రెండు నోడ్లూ ఒకటేనని టూల్ కలిపెయ్యొచ్చు.

నోడ్లని సొంత ఐపీతోనే పోల్ చెయ్యండి. అలాగే నోడ్లు ఒకే టెంప్లేట్ నుంచి క్లోన్ చేసినవా? అయితే ఇంజిన్ ఐడీలు ఇప్పటికే ఒకటై ఉండొచ్చు. ఎస్‌ఎన్‌ఎంపీడీ (నోడ్ మీది ఎస్‌ఎన్‌ఎంపీ సర్వీసు) ఆపి, రెడ్‌హ్యాట్ తరహాలో అయితే /వార్/లిబ్/నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ/ఎస్‌ఎన్‌ఎంపీడీ.కాన్ఫ్ తెరిచి ఓల్డ్‌ఇంజిన్‌ఐడీ వరస చూడండి. రెండు నోడ్లలో ఒకటే ఉంటే ఒకదాన్లో ఆ వరసా, యూఎస్‌ఎం యూజర్ వరసలూ తీసేసి, క్రియేట్‌యూజర్‌తో యూజర్‌ని మళ్లీ చేసి, సర్వీసు లేపండి. యూజర్ వరసలు ఉంచేస్తే పాత ఐడీతో కట్టిన కీలు అక్కరకు రావు.

ఆటోనగర్_ఏజెంట్
క్లోన్లే. ఇంజిన్ ఐడీ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉంది. ఈ రాత్రి మారుస్తా.

పటమట_పింగ్
గుంటూరు కూడా వచ్చేసింది, 24158తో. నాలుగు నోడ్లు, రెండు క్లస్టర్లు, ఐపీలు సర్వీసులుగా. ఒక్కటే మిగిలింది: ఎస్‌క్యూఎల్ రోల్‌ని డీబీ2కి జరిపి చూస్తే, క్లస్టర్ ట్యాబ్‌లో ఓనర్ మారింది గానీ టోపాలజీ మ్యాప్‌లో 10.20.5.21 ఇంకా డీబీ1 ఉన్న స్విచ్ పోర్టుకే అతుక్కుని ఉంది. యూజర్లకి ఇబ్బందేం లేదు.

కృష్ణలంక_రూటర్
ఇది నా లైను. మ్యాప్ గీసేది రూటర్ ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీకి ఏ మ్యాక్), స్విచ్ మ్యాక్ టేబుల్ (ఏ మ్యాక్ ఏ పోర్టులో) కలిపి. ఫెయిలోవర్ అవగానే కొత్త నోడ్ గ్రాట్యుటస్ ఏఆర్‌పీ ("ఈ ఐపీ ఇప్పుడు నా దగ్గరుంది" అన్న ప్రకటన) పంపుతుంది, రూటర్ మార్చుకుంటుంది. యూజర్లు కనెక్ట్ అవుతున్నారంటే అది సరిగ్గానే జరిగింది. మీ ఎన్‌ఎంఎస్ మాత్రం పాత కాపీ చూపిస్తోంది. రూటర్‌లో ఆ ఐపీకి ఏ మ్యాక్ ఉందో చూడండి. డీబీ2ది ఉంటే లేయర్ 2 పోలింగ్ (ఈ టేబుళ్లు చదివే) విరామం తగ్గించుకోండి, చాలా టూల్స్‌లో అది మామూలు పోలింగ్ కంటే చాలా ఎక్కువ ఉంటుంది. డీబీ1దే ఉండి యూజర్లు ఆగిపోతే అప్పుడు అసలు సమస్య. సిస్కో రూటర్‌లో ఏఆర్‌పీ డిఫాల్ట్ 4 గంటలు, గ్రాట్యుటస్ ఏఆర్‌పీని ఎవరో మధ్యలో అడ్డుకుంటే అంతసేపు పాత చోటికే పంపుతుంది.

పటమట_పింగ్
రూటర్‌లో డీబీ2 మ్యాక్ ఉంది. టోపాలజీ విరామం 24 గంటలు పెట్టి ఉంది, 1 గంటకి తగ్గించా. మ్యాప్ మారింది.